నీళ్లు పోయే వాటం

నా పదవీ విరమణ సభలో దండలు, శాలువాలు, పొగడ్తలు అన్నీ అయ్యాక, నా స్థానంలో కొత్తగా చేరిన వ్యాయామ టీచరు పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "మేడమ్, మీరు ఇండియాకు ఆడినారంట గదా. ఏం ఆట అది? క్యారమ్సా?"

నాకు కోపం రాలేదు. జమ్మలమడుగు ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లు పని చేసి, ఆఖరి పదేళ్లలో లాన్ బౌల్స్ ఆడి, దేశం తరఫున నాలుగుసార్లు విమానం ఎక్కినా, మా ప్రొద్దుటూరు వీధిలో నేను ఇప్పటికీ గుండ్లు దొర్లించే టీచరమ్మనే. ఆ రోజు టీ తాగేలోపు ఆమెకు చెప్పడం కుదరలేదు. అందుకే ఆమెకూ, ఆమె ఈడువాళ్లకూ ఇక్కడ రాస్తున్నాను. పతకాల గురించి కాదు. యాభై రెండేళ్ల వయసులో, బుద్ధీ జ్ఞానం ఉండి కూడా, నేను చేసిన ఒక తప్పు గురించి.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. నున్నగా కత్తిరించిన పచ్చిక మీద ఒక చిన్న తెల్ల బంతిని దూరంగా దొర్లిస్తారు. దాని పేరు జాక్. తర్వాత రెండు జట్లవాళ్లూ పీచు తీసిన కొబ్బరికాయంత బంతుల్ని దానికి వీలైనంత దగ్గరగా దొర్లించాలి. వాటిని బౌల్స్ అంటారు. దగ్గరున్నవాళ్లకు పాయింట్లు. ఇంతే అయితే మా హెడ్‌మిస్ట్రెస్ అన్నట్టు గోలీలాటే. కానీ బౌల్ ఎప్పుడూ ఒక పక్కకు మొగ్గుతుంది. దాన్ని చేయడమే అలా చేస్తారు. జాక్ మీదికి సూటిగా వేస్తే పక్కకు పోతుంది. కుడివైపుకు వేసి వంపు తిరిగి వచ్చేలా చేయాలి, లేదా తిప్పి పట్టుకుని ఎడమవైపు నుంచి తేవాలి. ఎంత పక్కకు గురిపెడితే ఎంత వంపు తిరుగుతుందో చేతికి తెలియాలి. అదే ఆట.

రాష్ట్రం రెండయ్యాక మన వైపు కొత్తగా మహిళల జట్టు కట్టాల్సి వచ్చింది. వ్యాయామ టీచర్లకు కబురు పెట్టారు. అందులో "వయసుతో పని లేదు" అన్న మాట నాకు తెగ నచ్చింది. అప్పటికే నా మోకాళ్లు పట్టేశాయి. కబడ్డీ నేర్పడమంటే గీత బయట నిలబడి అరవడమే అయిపోయింది. వారం రోజుల శిబిరానికి వెళ్లాను. అక్కడా పచ్చిక లేదు, తివాచీ మీదే నేర్పారు. చేతికి నాలుగు బౌల్స్ ఉన్న సంచి ఇచ్చి, ఇంటి దగ్గర సాధన చేసుకోమని పంపించారు. తర్వాత రోజుల్లో పేపరు వాళ్లు, మాది తొండూరు పక్కన గొర్రెలు పెంచే ఇల్లని తెలుసుకుని, గొర్రెల వెంట రాళ్లు విసిరి విసిరి నాకు గురి కుదిరిందని రాశారు. మా నాయన అది చదివించుకుని విలేకరిని నిలదీశాడు. "రాయి ఇసిరితే గొర్రె కాలిరగదా? మా ఇంట్లో అట్లాంటోళ్లు ఎవురుండారో చెప్పు."

సంచి అయితే వచ్చింది గానీ మన జిల్లాలో అలాంటి పచ్చిక ఎక్కడుంది? స్కూలు గ్రౌండు నిండా గులకరాళ్లూ పల్లేరుకాయలే. ఆలోచించి ఆలోచించి, ప్రొద్దుటూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల కల్యాణ మండపం ఉన్న బట్టల వ్యాపారి దగ్గరికి వెళ్లాను. మా అన్న ముగ్గురు కూతుళ్లకూ పెళ్లి చీరలు తీసింది ఆయన అంగట్లోనే, రెండో అమ్మాయి చీరకు బేరం చేసింది నేను. ఆ చనువుంది.

"పెండ్లిండ్లు లేని దినాల్లో మీ భోజనాల హాలు నాకు ఇయ్యాల శెట్టిగారూ."

"ఏం చేస్తావమ్మా ఆడ?"

"ఇండియాకు ఆడేదానికి నేర్చుకుంటా."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇండియాకు ఆడేదానికి బువ్వలు తినే హాలు ఎందుకమ్మా? సర్లే, మూఢాల్లో వాడుకో. ఆ అద్దాల తలుపు మాత్రం పగలగూడదు. దాన్ని మెడ్రాసు నుంచి తెప్పించినా."

అలా నా సాధన పంచాంగం ప్రకారం మొదలైంది. మూఢం వచ్చిందంటే ఊళ్లో బట్టల అంగళ్లు, బంగారు అంగళ్లు దిగాలుపడేవి. నాకు పండగ. ఆషాఢం వస్తే ఇంకా పండగ. స్కూలు నుంచి బస్సు దిగి నేరుగా హాలుకు వెళ్లేదాన్ని. పెళ్లివాళ్లకు దారి పొడవునా పరిచే పచ్చ తివాచీ హాలంతా నిలువుగా పరిచేదాన్ని. అద్దాల తలుపుకు దెబ్బ తగలకుండా ఎప్పుడూ గుమ్మం వైపు నిలబడి వంటింటి వైపుకే వేసేదాన్ని. ఆ గోడకు మగపెళ్లివారి పరుపులు ఆనించి పెట్టేదాన్ని. ఎడమచేతి వైపు గోడ పొడవునా చేతులు కడుక్కునే కుళాయిలు, కింద కాలువ. నాలుగు బౌల్స్ వేయడం, ఏరుకుని మళ్లీ గుమ్మం దగ్గరికి రావడం, మళ్లీ వేయడం. కుడి నుంచి వేస్తే మూడో స్తంభం అంచు, ఎడమ నుంచి వేస్తే వంటింటి తలుపు గడియ, అవీ నా గురులు. ఏడాది తిరిగేసరికి పది వేస్తే ఎనిమిది జాక్‌కు జానెడు దూరంలో ఆగుతున్నాయి. నాకు గర్వం వచ్చింది. ఎందుకు అబద్ధం చెప్పాలి, బాగానే వచ్చింది.

ఆ గర్వంతో జాతీయ జట్టు ఎంపికకు వెళ్లాను. జీవితంలో మొదటిసారి అసలైన పచ్చిక మీద నిలబడి వేసిన ప్రతి బౌలూ జాక్‌కు కుడివైపు మీటరు దూరంలో ఆగింది. కుడి నుంచి వేసినా కుడివైపే. ఎడమ నుంచి వేసినా జాక్‌ను దాటుకుని కుడివైపే. ఇరవై నాలుగు బౌల్స్ వేశాను. ఒక్కటంటే ఒక్కటి ఎడమ పక్కకు పోలేదు. కోచ్ మర్యాదస్తుడు. హిందీలో మెల్లగా చెప్పాడు. "మేడమ్, మీకు దూరం అద్భుతంగా తెలుసు. జాక్ ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు. ఒకసారి కళ్లు చూపించుకోండి. ఆరు నెలల్లో ఇంకో ఎంపిక ఉంది, ఈసారికి అదే ఆఖరు."

ఆయన వెటకారంగా అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను నిజంగానే ప్రొద్దుటూరులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. చత్వారం ఉందన్నాడు. యాభై దాటినవాళ్లలో చత్వారం లేనిదెవరికి? అద్దాలు రాశాడు. అవి పెట్టుకుని హాల్లో వేస్తే మళ్లీ పదికి ఎనిమిది! నా సంతోషం చెప్పనలవి కాదు. ఎదురుపడ్డవాళ్లందరికీ కళ్లద్దాల మహిమ వర్ణించాను. రెండో ఎంపికకు సెలవు అడగడానికి వెళ్లినప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌కు కూడా అదే చెప్పాను.

"పోయినసారి పోయి ఓడిపోయి వచ్చినావు గదా, ఇంగేంది?" అందామె.

"అప్పుడు కండ్లు కనపల్లేదు మేడమ్. ఇప్పుడు అద్దాలు వచ్చినాయి."

"ఇదే ఆఖరు. పిల్లోళ్లకు ఆటలు నేర్పాల్సిన దానివి, నువ్వే గోలీలాట ఆడుకుంటా ఊర్లు తిరుగుతాంటే నేను ఎవరికి జవాబు చెప్పల్ల? మళ్లా అడిగితే సంతకం పెట్టేది లేదు."

ఆమె తప్పేమీ లేదు. నా కోసం ఎనిమిదో తరగతి పిల్లల డ్రిల్లు కూడా ఆమే చేయిస్తోంది. నాకు మిగిలింది ఒక్క సెలవు, ఒక్క ఎంపిక. అది తప్పితే బౌల్స్ సంచి తిరిగి ఇచ్చేయాలి.

ఆ ఆషాఢంలోనే ఒక సాయంత్రం హాల్లో కుళాయి బాగుచేయడానికి బేల్దారి మేస్త్రీ వచ్చాడు. డెబ్బై దాటిన సాయిబు, తల మీద తెల్ల టోపీ. ఆ మండపం కట్టింది ఆయనే. పని అయ్యాక గోడకు ఆనుకుని కూర్చుని నా ఆట చూశాడు. నేను కళ్లద్దాల కథ మళ్లీ మొదలుపెట్టాను. ఆయన అంతా విని అడిగాడు. "బిడ్డా, కుడిపక్క నుంచి వేస్తే అంత వంపు తిరుగుతాంది. ఎడమపక్క నుంచి వేస్తే గీత గీసినట్ల పోతాంది. రెండూ ఒకటే గుండ్లు గదా, అట్లెందుకు?"

"అది అంతే మేస్త్రీ. ఎడమ పక్క గురి కష్టం," అన్నాను, ఏదో తెలిసినదానిలా.

ఆయన లేచి తివాచీ అంచు పైకెత్తి, జగ్గుతో నీళ్లు తెచ్చి, జాక్ ఉన్నచోట నేల మీద మెల్లగా పోశాడు. నీళ్లు ఒక క్షణం నిలబడి, తర్వాత తీరిగ్గా ఎడమవైపు కాలువలోకి నడిచిపోయాయి.

"ఈ నేలకు వాటం పెట్టింది నేనే బిడ్డా. ఆ గోడ నుంచి ఈ గోడకు రెండంగుళాలు. బువ్వలు తిన్నాంక కడిగితే నీళ్లు పోవద్దా? నీ గుండు గూడా ఆ కాలవకే పోతాంది. నువ్వు ఏడాదికి పైగా గుండును నేర్చుకోలేదు, నా బండల్ని నేర్చుకున్నావు."

నేను అక్కడే పరుపు మీద కూలబడ్డాను. ఆ హాల్లో కనీసం నలభై పెళ్లిళ్ల భోజనాలు తిన్నాను. బంతి లేచాక నీళ్లు కొట్టి చీపుళ్లతో తోస్తుంటే అవి కాలువ వైపు పరుగెత్తడం నలభైసార్లు చూశాను. చీర తడుస్తుందని అవతలి గోడ వైపు జరిగి కూర్చున్నదాన్ని కూడా. వంటవాళ్లకూ వడ్డించేవాళ్లకూ తెలిసిన సంగతి, ఇరవై ఏళ్లుగా పిల్లలకు గ్రౌండు గీతలు గీయించిన నాకు తట్టలేదు. పైగా కళ్లద్దాలు! సిగ్గుతో ఏడుపొచ్చింది. ఎంపికకు ఇంకా నెలన్నర ఉంది. ఏడాదికి పైగా చేసిన సాధన మొత్తం కాలువలో కలిసిపోయింది.

మేస్త్రీ నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత తన సంచిలోంచి రసమట్టం తీసి చూపించాడు. చెక్కలో బిగించిన చిన్న గాజుగొట్టం, అందులో గాలిబుడగ, మేస్త్రీలందరి దగ్గరా ఉండేదే. "ఇది గూడా ఒక్కోసారి అబద్ధం చెప్తాది. పాతబడితే మొగ్గుతాది. అప్పుడు మేమేం చేస్తాం? ఇట్ల పెట్టి ఒకసారి చూస్తాం, తిప్పి పెట్టి ఇంకోసారి చూస్తాం. రెండింటి నడుమ ఉండేది నిజం. నువ్వు ఈ పక్క నుంచే వేస్తాండావు. ఆ పక్క నుంచి గూడా వెయ్యి."

"అద్దాల తలుపు పగుల్తాది మేస్త్రీ."

"పరుపులు దానికి ఆనించు. శెట్టికి నేను చెప్తాలే."

మర్నాటి నుంచి వంటింటి వైపు నుంచి కూడా వేశాను. అటు నుంచి కాలువ కుడిచేతికి వస్తుంది కాబట్టి గురులన్నీ తారుమారయ్యాయి. రెండు వైపుల నుంచీ ఎంత పక్కకు గురిపెట్టాలో సుద్దతో గుర్తుపెట్టి, ఆ రెండు దూరాలకు నడుమ ఒక గీత గీశాను. మేస్త్రీ లెక్క ప్రకారం చదునైన నేల మీద నా గురి అదే. చిక్కేమిటంటే, ఆ గురితో హాల్లో వేస్తే బౌల్ జాక్ దగ్గరికి రాదు. కాలువ వైపు మీటరు తప్పిపోతుంది. అలా తప్పితేనే సరిగ్గా వేసినట్టు. నెలన్నర పాటు నేను ప్రతి సాయంత్రం సరిగ్గా మీటరు తప్పడం సాధన చేశాను. చేతికి అలవాటైన గెలుపును మాన్పించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్కోసారి చేయి ఆగలేక పాత గురికే పోయేది. బౌల్ వెళ్లి జాక్‌ను ముద్దుపెట్టుకునేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు శెట్టిగారు వచ్చి చాలాసేపు చూశారు. "ఏంది టీచరమ్మా, మునుపు అన్నీ తగిలేటివి. ఇప్పుడు ఒకటీ తగల్లేదే?"

"ఇప్పుడే శానా బాగా వేస్తాండా శెట్టిగారూ."

ఆయన వెళ్లిపోయారు. నాకు కళ్లతోపాటు ఇంకేదో కూడా పోయిందని అనుకున్నారని తర్వాత ఆయన భార్య చెప్పింది.

ఎంపిక రోజు మొదటి బౌల్ తీసుకుని ఆ నడుమ గీతనే గురిగా తలుచుకున్నాను. ఆ గురితో ఒక్క బౌల్ కూడా జాక్‌ను చేరడం నేను కళ్లారా చూడలేదు. ఒక ముసలి మేస్త్రీ మాట మీద నమ్మకంతో వేస్తున్నాను, అంతే. బౌల్ వెళ్లింది, వంగింది, జాక్‌కు బెత్తెడు దూరంలో ఆగింది. రెండోది ఇంకా దగ్గర. నలుగురి జట్టులో మొదట వేసే మనిషిగా నన్ను తీసుకున్నారు. కోచ్ వచ్చి చేయి కలిపి, "చూశారా, కళ్లద్దాలు!" అన్నాడు. నేను కాదనలేదు.

ఆ ఏడాదే మలేషియా వెళ్లాం. కాంస్యం కోసం ఆఖరి మ్యాచ్ ఆతిథ్య జట్టుతో. మా కెప్టెన్ కలకత్తాలో బ్యాంకు ఉద్యోగిని, నాకంటే పన్నెండేళ్లు చిన్నది, మాట మహా కరుకు. నా హిందీ మా వీధి సాయిబుల దగ్గర నేర్చుకున్నది, అది విని నవ్వని ఒకే ఒక్క మనిషి ఆమె. రెండు రోజులు వాన కురిసి వెలిసింది. మాకు మైదానంలో చిట్టచివరి వరస ఇచ్చారు. ఒక విడత ఇటు నుంచి, తర్వాతి విడత అటు నుంచి వేయాలి; అయిదు విడతలు అయ్యేసరికి తొమ్మిది-సున్నాతో వెనకబడ్డాం. మా నలుగురి బౌల్సూ, పోయేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి తప్పిపోతున్నాయి. కెప్టెన్ నన్ను ఉరిమి చూస్తోంది. మొదటి మనిషి తప్పితే తర్వాతవాళ్లకు దారి దొరకదు.

నేను మైదానం చుట్టూ ఉన్న కాలువ చూశాను. కుడివైపు పొడిగా ఉంది. ఎడమవైపు మాత్రం వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక్కసారి ప్రొద్దుటూరు మండపం, మేస్త్రీ జగ్గు, అన్నీ కళ్లముందుకొచ్చాయి. పరుగున కెప్టెన్ దగ్గరికి వెళ్లాను.

"ఈ నేలకు వాటం ఉంది. బౌల్స్ ఆ కాలువకే పోతున్నాయి. అందరం గురి మార్చాలి."

"ఇది అంతర్జాతీయ మైదానం దీదీ. మీ పెళ్లిహాలు కాదు." నా కథ ఆమెకు తెలుసు. "మ్యాచ్ మధ్యలో గురి మార్చి అదీ తప్పితే?"

"నా రెండు బౌల్స్ చూడు. తప్పితే నన్ను కూర్చోబెట్టి అయిదో అమ్మాయిని దింపు."

ఆమె తల ఊపింది. నేను మూడో స్తంభాన్ని తలుచుకుని, నెలన్నర కష్టపడి మరచిపోయిన పాత గురికి వేశాను. బౌల్ ఎంత పక్కకు వెళ్లిందంటే, పక్క వరసలో ఆడుతున్నవాళ్లు తమ మీదికి వస్తోందని కాళ్లు వెనక్కి తీసుకున్నారు. అప్పుడది నిదానంగా ఇంటిదారి పట్టింది. వచ్చి వచ్చి జాక్‌ను తాకి ఆగింది. జాక్‌ను తాకిన బౌల్‌కు సుద్దగుర్తు పెట్టడం నియమం. కెప్టెన్ తానే నడిచి వెళ్లి ఆ గుర్తు పెట్టి, మిగతా ఇద్దరితో, "దీదీ ఎంత చెబితే అంత" అంది. అక్కడి నుంచి అటు పోయేటప్పుడొక గురి, ఇటు వచ్చేటప్పుడొక గురి. ఆఖరి విడతలో టేపు పెట్టి కొలిచి మాకు ఒక పాయింటు ఇచ్చారు. పధ్నాలుగు-పదమూడు.

పతకం మెడలో ఉండగానే మేస్త్రీకి ఫోన్ చేశాను. "మేస్త్రీ, ఈడ గూడా నీ వాటం ఉండాది!"

"ఏం బిడ్డా, వాళ్లు గూడా ఆడ బువ్వలు తింటారా?" అన్నాడు.

తిరిగొచ్చాక స్కూల్లో ప్రార్థన సమయంలో హెడ్‌మిస్ట్రెస్ నాకు పూలదండ వేసి, "నేను మొదట్నుంచీ ఈమెను పంపిస్తానే ఉండా" అని పిల్లలకు చెప్పింది. అది అబద్ధం కాదు కదా, సంతకాలు ఆమెవే. ఇక శెట్టిగారి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. హాలు గోడకు నా ఫోటో కట్టించారు. అంతటితో ఊరుకోలేదు. నాకు చెప్పకుండా, మేస్త్రీకీ చెప్పకుండా, వేరే ఊరి పనివాళ్లను పిలిపించి, పాత బండలు పీకించి, హాలంతా కొత్త గ్రానైటు వేయించారు. "అద్దం మాదిరి చదును, టీచరమ్మా. గవ్వ పెడితే కదలదు. ఇంగ నువ్వు హాయిగా ఆడుకో."

ఒకరు మన కోసం అంత చేస్తే ఏమంటాం? దండం పెట్టి ఊరుకున్నాను. తర్వాతి ముహూర్తానికి ఆయన తమ్ముడి మనవరాలి పెళ్లి. మొదటి బంతి లేచాక నీళ్లు కొట్టారు. నీళ్లు ఎటూ పోలేదు. చీపుళ్లతో తోస్తే అటు పోయి ఇటు తిరిగొచ్చాయి. రెండో బంతికి కూర్చున్న వియ్యాలవారి పట్టుచీరల అంచులు చారునీళ్లలో నానాయి. నేను కూడా ఆ బంతిలోనే ఉన్నాను. శెట్టిగారు నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు.

వారానికి మేస్త్రీని పిలిపించారు. ఆయన హాలంతా తిరిగి, గ్రానైటు మీద అరచేయి ఆనించి చూసి, నన్ను అడిగాడు. "చెప్పు బిడ్డా, ఎంత పెట్టల్ల వాటం? నీ ఆటకు ఇబ్బంది లేకుండా అంగుళంతో సరిపెడతా. నీళ్లు కొంచెం నిదానంగా పోతాయి, అంతే."

శెట్టిగారు కూడా నా నోటి వైపే చూస్తున్నారు.

"మునుపు ఎంత ఉండెనో అంతే పెట్టు మేస్త్రీ. రెండంగుళాలు," అన్నాను.

ఆ వాటమే ఇప్పటికీ ఉంది. పోయిన మూఢంలో, నన్ను క్యారమ్సా అని అడిగిన ఆ కొత్త టీచరు బౌల్స్ నేర్చుకుంటానని వచ్చింది. చేయి మంచిది. ఇరవై రోజులు గుమ్మం వైపు నుంచి వేసింది. నేను ఏమీ చెప్పలేదు. ఇరవై ఒకటో రోజు నాలుగు బౌల్స్ వేస్తే నాలుగూ జాక్ చుట్టూ మూగాయి. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"మేడమ్, నాకు వచ్చేసినట్లే గదా?"

అద్దాల తలుపుకు పరుపులు ఆనించి, బౌల్స్ సంచి ఆమె చేతికిచ్చాను.

"శానా బాగా వచ్చిందమ్మా. ఇప్పుడు ఆ పక్క నుంచి వెయ్యి."